వంటింటి కంపోస్టు

వంటింటి కంపోస్టు అనగా కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, వాడిన తేయాకు, పూజ పువ్వులు మొదలైన తడి వ్యర్థాలను ఇంటి లోపలనే కుండలోనో, డబ్బాలోనో వేసి, సూక్ష్మజీవుల సహాయంతో తయారుచేసే సేంద్రియ ఎరువు. దీనిని పెరటి మొక్కలకు, కుండీలకు, మిద్దె తోటలకు వాడతారు. సరిగా తయారైన కంపోస్టు ముదురు గోధుమ రంగులో, పొడిపొడిగా, తొలకరి వానకు తడిసిన నేల వాసనతో ఉంటుంది. దుర్వాసన వచ్చినదంటే పని ఎక్కడో తప్పినదని అర్థం.

తెలుగులో కుళ్ళడం, చివకడం అని రెండు మాటలు వేరువేరుగా ఉన్నాయి. గాలి ఆడక, నీరు నిలిచి, కంపు కొడుతూ పాడవడం కుళ్ళడం. గాలి తగులుతూ, మెల్లగా మెత్తబడి మట్టిలో కలిసిపోయే స్థితికి రావడం చివకడం. వ్యవసాయ పుస్తకాలు "బాగా చివికిన పశువుల ఎరువు" వేయమని చెప్పేది ఇందుకే. ఇంటి లోపల కంపోస్టు చేయడంలోని విద్య అంతా వ్యర్థాలను కుళ్ళనీయకుండా చివకనీయడమే.

పూర్వపు ఏర్పాటు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పశువుల ఎరువును గెత్తం అంటారు. పశువులున్న ఇంట వంటింటి వ్యర్థాలు నేరుగా ఎరువు గుంటకు చేరేవి కావు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కుడితి గోలెంలో పడేవి. ఆ కుడితి ఆవులు, గేదెలు తాగేవి. వాటి పేడ, అవి తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలోని బూడిద, వాకిలి ఊడ్చిన తుక్కు పెంటగుంటలో చేరి, వేసవి చివర బండ్లమీద పొలానికి వెళ్ళేవి. అంటే వంటింటి వ్యర్థం పశువు కడుపు మీదుగా గెత్తంగా మారేది. తడిచెత్త అనే మాటతో అప్పటి ఇళ్ళకు పెద్దగా పనిలేకపోయినది.

పశువులు లేని ఇళ్ళు పెరిగేకొద్దీ ఈ గొలుసులో మధ్య కడియం ఊడిపోయినది. దొడ్లు చిన్నవయ్యాయి, గ్యాసు పొయ్యిలతో బూడిద పోయినది, ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. నిన్నటి కుడితి నేడు సంచిలో మూటకట్టి వీధి చివర పారవేసే చెత్త అయినది. పొందూరు వంటి మండల కేంద్రాలలోనూ, విశాఖపట్నం వంటి నగరాలలోనూ ఈ విషయంలో తేడా పరిమాణంలోనే. కుండ కంపోస్టును కొత్త పట్నపు పోకడగా భావించేవారున్నారు. నిజానికి అది పశువు చేసే పనిని సూక్ష్మజీవులకు అప్పగించే ఏర్పాటు.

భారతీయ పట్టణాల చెత్తలో బరువు ప్రకారం సుమారు సగం తడి వ్యర్థమే. అది ప్లాస్టిక్‌తో కలిసి కుప్పలో పూడుకుపోతే గాలి అందక మీథేన్ వాయువు పుడుతుంది. నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే భూతాపం కలిగించుటలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు బలమైనది. చెత్తకుప్పలలో తరచు మంటలు లేవడానికి కూడా ఇది ఒక కారణం. తడి వ్యర్థం ఇంటివద్దనే ఆగితే మిగిలిన పొడి చెత్త కంపు లేకుండా ఉంటుంది, కాగితం, సీసా, రేకు వంటివి తిరిగి అమ్ముడుపోతాయి.

చరిత్ర

భారతదేశంలో కంపోస్టును శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఆల్బర్ట్ హోవార్డ్ ముఖ్యుడు. ఇతడు 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లోని సస్య పరిశోధన సంస్థలో పనిచేస్తూ, రైతుల అలవాట్లను గమనించి, ఆకు అలము, పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలు పొరలుగా పేర్చి అప్పుడప్పుడు తిరగవేసే పద్ధతిని రూపొందించాడు. దీనినే ఇండోర్ పద్ధతి అంటారు. యశ్వంత్ వాడ్‌తో కలిసి వ్రాసిన గ్రంథంలో 1931లో దీనిని వివరించాడు. తరువాత 1939లో సి.ఎన్.ఆచార్య బెంగుళూరులో, పట్టణపు చెత్తను కందకాలలో నింపి పైన మట్టితో కప్పివేసే పద్ధతిని రూపొందించాడు. మొదటిదానికి చోటు, తిరగవేసే శ్రమ కావాలి. రెండవదానిని ఊరికి దూరంగా చేయవలసినదే. వంటింటి కుండకు ఇండోర్ పద్ధతిలోని పొరల ఆలోచన మాత్రం చక్కగా సరిపోయినది.

మునిసిపల్ చెత్త నిర్వహణకు దేశమంతటికీ వర్తించే నియమాలు 2000లో వచ్చాయి. 2016 నియమాలు చెత్తను తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలుగా ఇంటివద్దనే వేరుచేయాలని నిర్దేశించాయి. తెలుగు ప్రాంతంలో అంతకు ముందే 2000 దశకం తొలినాళ్ళలో సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటికీ తిరిగి చెత్తను వేరుగా సేకరించి, తడిచెత్తతో కంపోస్టు చేయించి పేరుపొందినది. విజయనగరం జిల్లాలోని బొబ్బిలి పురపాలక సంఘం కూడా ఈ పనిలో ఇతర పట్టణాల దృష్టిని ఆకర్షించినది. గ్రామ పంచాయతీలలో ఉపాధి హామీ పథకం నిధులతో "చెత్త నుండి సంపద తయారీ కేంద్రాలు" అనే షెడ్లు కట్టారు. 2021 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమాన్ని ప్రారంభించి పట్టణాలలో ఇంటికి మూడు రంగుల బుట్టలు పంచినది. షెడ్డు ఎంత చక్కగా కట్టినా, ఇంటినుండి వచ్చే చెత్త కలగలుపుగా ఉంటే అక్కడ కంపోస్టు తయారుకాదు. గాజుపెంకులు, ప్లాస్టిక్ ముక్కలు కలిసిన ఎరువును రైతు పొలంలో వేయనీయడు.

కుండల విషయానికి వస్తే, 2006లో బెంగుళూరులో మొదలైన డైలీ డంప్ సంస్థ ఒకదానిపై ఒకటి పేర్చే మట్టికుండలను ఇంటి కంపోస్టుకు ప్రచారంలోకి తెచ్చినది. అదే నమూనాను పలుచోట్ల స్థానిక కుమ్మరులు కూడా చేస్తున్నారు.

చివకడం ఎట్లు జరుగును

బ్యాక్టీరియా, శిలీంధ్రాలు వ్యర్థాలలోని కర్బనాన్ని శక్తి కొరకు, నత్రజనిని తమ శరీర నిర్మాణం కొరకు వాడుకుంటాయి. ఒక వంతు నత్రజనికి 25 నుండి 30 వంతుల కర్బనం ఉంటే పని చురుకుగా సాగుతుంది. కూరగాయల తొక్కలలో ఈ నిష్పత్తి 15 - 20 దగ్గర ఉంటుంది. అంటే నత్రజని ఎక్కువ, పైగా పదింట ఎనిమిది తొమ్మిది వంతులు నీరు. వాటిని ఒంటరిగా డబ్బాలో వేసి మూత పెడితే ముద్ద అయి, గాలి దూరక, మిగులు నత్రజని అమోనియాగా పోతూ ఘాటు వాసన వస్తుంది. ఎండుటాకులలో ఈ నిష్పత్తి 40 నుండి 80 వరకు, వరిగడ్డిలో సుమారు 80, రంపపు పొట్టులో అనేక వందలు ఉంటుంది. రెండింటినీ కలిపితే లెక్క సరిపోతుంది, తేమ కూడా 50 - 60 శాతానికి దిగుతుంది. తేమను చూడడానికి యంత్రం అక్కరలేదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే చేయి తడవాలి గాని నీరు ధారగా కారరాదు.

పెద్ద కంపోస్టు కుప్ప లోపల వేడి 55 - 65 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. ఆ వేడికి రోగకారక క్రిములు, కలుపు గింజలు చాలావరకు నశిస్తాయి. అయితే అంత వేడి నిలవాలంటే కుప్ప సుమారు ఒక ఘనమీటరు ఉండాలి. ఇంటి కుండ అంత వేడెక్కదు. కనుకనే కుక్క, పిల్లి మలాన్ని, జబ్బుపడిన మొక్కలను ఇంటి కుండలో వేయకూడదు.

పొడి పదార్థం

ఇంటి కంపోస్టు మానుకున్నవారిని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణాలు వాసన, పురుగులు. ఈ రెండూ పొడి పదార్థం చాలకపోవడం వల్లనే ఎక్కువగా వస్తాయి. తడి వ్యర్థం రోజూ దానంతట అదే పుడుతుంది, పొడి పదార్థాన్ని మాత్రం ముందుగా సమకూర్చుకొనాలి. మాఘ ఫాల్గుణాలలో రాలిన ఆకులను ఒక గోనెసంచి నిండా ఎత్తి పెట్టుకొనని ఇంట, వానాకాలంలో కుండ తప్పక కంపు కొడుతుంది.

ఉత్తరాంధ్రలో దొరికే పొడి పదార్థాలు చాలా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి పీచు పరిశ్రమలో మిగిలే కొబ్బరి పొట్టు తన బరువుకు అనేక రెట్లు నీటిని పీల్చుకొంటుంది. దీనిలో కర్బన నిష్పత్తి నూరు దాటుతుంది గనుక కొద్దిగా చాలు. ఉప్పునీటి దగ్గర ఊరబెట్టిన పీచు నుండి వచ్చిన పొట్టు అయితే మంచినీటితో రెండుసార్లు కడగడం మేలు. వరి ఊకలో సిలికా ఎక్కువగా ఉన్నందున త్వరగా చివకదు, కాని ముద్దకట్టకుండా గాలికి సందులు ఇస్తుంది. ఊక అనుకొని తవుడు వేయరాదు. తవుడు సూక్ష్మజీవులకు మంచి ఆహారం, త్వరగా పులిసి వాసన వేస్తుంది. వడ్రంగి దుకాణపు రంపపు పొట్టు మంచిదే, అయితే ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు రసాయనాలుంటాయి. చించిన వార్తాపత్రిక, అట్టపెట్టె ముక్కలు కూడా పనికివస్తాయి. మెరిసే రంగుల కాగితం పనికిరాదు.

పొందూరు సన్నఖాదీకి ప్రసిద్ధి. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరచి, ఇళ్ళలోనే రాట్నంపై నూలు వడకడం సంప్రదాయం. ఇటువంటి పనిలో మిగిలే పత్తి తుక్కు, తెగిన నూలు పోగులు కూడా కంపోస్టుకు తగిన పదార్థమే. పత్తి పీచులో 90 శాతానికి పైగా సెల్యులోజు ఉంటుంది, అది పూర్తిగా చివికిపోతుంది. గంజి పెట్టిన నూలు అయితే ఇంకా త్వరగా చివుకుతుంది. ఒక జాగ్రత్త ఏమనగా, తడిసిన పత్తి పరుపులాగా అణగి గాలిని ఆపివేస్తుంది. కనుక దానిని విడదీసి, ఆకులతోనో ఊకతోనో కలిపి వేయాలి. పాలియెస్టరు కలిసిన గుడ్డ ఎన్నాళ్ళకూ చివకదు, దారాల చిక్కుగా మిగిలిపోతుంది.

కుండ పద్ధతి

నలుగురున్న ఇంట రోజుకు సుమారు అరకిలో నుండి కిలో వరకు తడి వ్యర్థం వస్తుంది. దీనికి 25 - 30 లీటర్లు పట్టే కుండలు మూడు కావాలి. మట్టికుండ అయితే దాని గోడలు చెమరుస్తూ తేమను బయటకు పంపుతాయి. ప్లాస్టిక్ బకెట్టు వాడేవారు పక్కలలో, అడుగున పెన్సిలు లావున రంధ్రాలు పొడిచి, కింద పళ్ళెం పెట్టాలి. ఈగలు దూరకుండా రంధ్రాలకు దోమతెర ముక్క అతికించవచ్చును. వంటింటి గట్టు కింద, వెనుక వసారా, మెట్ల కింది చోటు, బాల్కనీ - ఎండ, వానజల్లు పడని ఏ చోటైనా సరిపోతుంది.

కుండ అడుగున కొబ్బరి పీచు లేదా ఎండు పుల్లలు నాలుగు అంగుళాల మందాన పరచాలి. దానిపై గుప్పెడు పాత కంపోస్టు, చివికిన గెత్తం లేదా పుల్లని మజ్జిగ చిలకరించిన ఎండుటాకులు వేస్తే సూక్ష్మజీవులకు తోడు పెట్టినట్లు అవుతుంది. ఆ తరువాత రోజూ వ్యర్థాలను అంగుళం ముక్కలుగా తరిగి, నీరు వార్చి వేసి, వాటిని పూర్తిగా కప్పేటట్లు అంతే కొలత పొడి పదార్థం వేయాలి. కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు అయితే సగం కొలత చాలు. పైకి తడి ముక్క ఒక్కటి కూడా కనబడరాదు. వారానికి రెండుసార్లు కర్రతో అడుగువరకు కలపాలి. చివికేకొద్దీ పదార్థం అణగిపోతుంది గనుక ఒక కుండ నిండడానికి నెల, నెలన్నర పడుతుంది. అప్పుడు దానిని పక్కకు జరిపి రెండవ కుండ మొదలుపెట్టాలి. మూడవది నిండే నాటికి మొదటి కుండలోని ఎరువు వాడుకకు వస్తుంది. మొదట వేసిన పరిమాణంలో మూడు, నాలుగవ వంతు మాత్రమే మిగులుతుంది.

వానపాముల పెట్టె

ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అనే వానపాములను ఈ పనికి వాడతారు. చివరిది మన ప్రాంతాలకు సహజమైనది. ఇవి నేల పైపొరలోని చెత్తలో బ్రతికే జాతులు. పొలం తవ్వితే లోతున కనిపించే వానపాములు పెట్టెలో బ్రతకవు. వేసవిలో 35 డిగ్రీలు దాటితే వీటికి ప్రాణం మీదికి వస్తుంది. తడిపిన గోనెపట్టా పైన కప్పి, ఇంటిలో చల్లని మూలన ఉంచాలి. నిమ్మ, పచ్చిమిరప, ఉల్లి, ఉప్పు వీటికి పడవు. ఎరువు తీసేటప్పుడు పెట్టెను వెలుతురులో ఉంచితే పాములు అడుగుకు దిగిపోతాయి, పైపైన తీసుకొనవచ్చును. వానపాముల పెంపకంపై కృషి విజ్ఞాన కేంద్రాలు శిక్షణ ఇస్తాయి. శ్రీకాకుళం జిల్లా కేంద్రం పొందూరుకు పొరుగున ఉన్న ఆమదాలవలసలో కలదు.

బొకాషి

ఇది జపాను పద్ధతి. దీనికి వాడే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని ఒకినావాకు చెందిన తెరువో హిగా 1980 దశకంలో ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో వ్యర్థాలను గాలి చొరని డబ్బాలో అణచి, సూక్ష్మజీవులు కలిపిన తవుడు చల్లి, రెండు వారాలు పులియబెడతారు. తరవాణి కుండలో పనిచేసే లాక్టిక్ ఆమ్లపు బ్యాక్టీరియా వంటివే ఇక్కడా పనిచేస్తాయి. పులుపు వల్ల కుళ్ళు ఆగుతుంది. అయితే బయటకు వచ్చేది కంపోస్టు కాదు, వ్యర్థాల ఊరగాయ అనవచ్చును. దానిని మట్టిలో పూడ్చి మరికొన్ని వారాలు ఆగిన తరువాతనే మొక్క నాటాలి. పెరడు గాని, పెద్ద మట్టి కుండీ గాని లేనివారికి ఇది సగం పని మాత్రమే.

వేయదగినవి, వేయరానివి

తొక్కలు, కాడలు, ఆకులు, పిప్పి, దారం తీసిన పూలదండలు, నలిపిన గుడ్డు పెంకులు, పంచదార కడిగివేసిన టీ పొడి వేయవచ్చును. చింతపండు పిప్పి పుల్లనిది, మునగకాడ పిప్పి నారగలది. రెండూ కొద్దికొద్దిగా వేస్తే ఇబ్బంది లేదు. అరటి దవ్వ, పనస తొక్క వంటివి సన్నగా తరగాలి. మామిడి టెంక, తాటి టెంక, కొబ్బరి చిప్ప నెలల తరబడి అట్లే ఉంటాయి. వండిన అన్నం చారెడు పరవాలేదు, గిన్నెడు అయితే పులిసి ముద్దవుతుంది. నూనె ఓడే వేపుళ్ళు, ఊరగాయలు వేయరాదు. నూనె గాలిని ఆపుతుంది, ఉప్పు చివరకు మొక్క వేరుకు చేరుతుంది. చేప పొలుసు, రొయ్య పెంకు, మాంసం మంచి ఎరువే గాని ఇంటి లోపలి కుండకు తగవు, ఎలుకలు, పిల్లులు చేరతాయి. వాటిని పెరటిలో అడుగున్నర లోతున చెట్టు మొదలుకు దూరంగా పూడ్చడం మంచిది. పలాస ప్రాంతంలో విరివిగా దొరికే జీడి పెంకును ఎంతమాత్రం వేయరాదు. దానిలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది.

ఇబ్బందులు

కుండనుండి అమోనియా ఘాటు వస్తే పొడి పదార్థం చాలలేదని, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి చాలలేదని తెలుసుకొనాలి. రెండింటికీ మందు ఒకటే - ఎండుటాకులు చేర్చి అడుగువరకు కలపడం. పుల్లని వాసన వస్తే చారెడు కట్టెల బూడిద చల్లవచ్చును. బూడిద ఎక్కువైతే నత్రజని అమోనియాగా ఎగిరిపోతుంది. తెల్లని బూజు కనిపిస్తే కంగారు అక్కరలేదు, అది శిలీంధ్రం చేస్తున్న పని. అయితే ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బూజు పట్టిన కుండను కలపకుండా వేరొకరికి అప్పగించడం మంచిది. కలిపేటప్పుడు లేచే బీజాలు వారికి హాని చేయవచ్చును.

పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు వస్తే వారం పది రోజులు కొత్త వ్యర్థం వేయక, పైన రెండు అంగుళాల పొడి మట్టి పరచాలి. బూడిద రంగులో, గట్టి చర్మంతో, వడ్లగింజకు రెండు మూడు రెట్లుండే పురుగులు కుప్పలుగా కనబడితే అవి సాధారణంగా నల్ల సోల్జర్ ఈగ పిల్లలు. చూడడానికి రోత పుట్టించినా అవి వ్యర్థాన్ని అతివేగంగా తింటాయి. పెద్ద ఈగ కుట్టదు, అన్నంపై వాలే అలవాటు లేదు. వీటిని చూసి భయపడి కుండలు పారవేసినవారు చాలామంది. తేమ తగ్గిస్తే అవే వెళ్ళిపోతాయి. కుండ కింది పళ్ళెంలో చేరిన నీటిని మాత్రం రెండు రోజులకొకసారి పారబోయాలి, లేకున్న దోమలు గుడ్లు పెట్టవచ్చును.

వాడకం

గుప్పెడు కంపోస్టును తడిపి, ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులు కట్టి ఉంచి తెరిచినప్పుడు మట్టి వాసన వస్తే అది తయారైనట్లు. కంపు వస్తే ఇంకొక రెండు వారాలు ఆగాలి. మెంతులు చల్లి మొలకలు చూసి కూడా తెలుసుకొనవచ్చును. సగం చివికిన ఎరువు వేస్తే, మిగిలిన పని మట్టిలో జరుగుతూ అక్కడి నత్రజనిని సూక్ష్మజీవులే లాగుకొంటాయి. మొక్క ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

వంటింటి కంపోస్టులో నత్రజని సాధారణంగా 1 - 2 శాతం మాత్రమే. రసాయన ఎరువుతో పోల్చి నిరాశపడడం తగదు. దీని విలువ ఎక్కువగా మట్టిని గుల్లబరచి, నీటిని నిలపడంలో ఉన్నది. తీరప్రాంతపు ఇసుక నేలలలో ఈ గుణం బాగా తెలుస్తుంది, వేసవిలో కుండీలకు నీరు పోసే పని తగ్గుతుంది. కొత్త కుండీకి రెండు మూడు వంతుల మట్టికి ఒక వంతు కంపోస్టు కలపాలి. పెరుగుతున్న వంగ, టమాటా, ఆకుకూరలు, బంతి వంటి మొక్కలకు నెలకొకసారి మొదలు చుట్టూ ఒకటి రెండు గుప్పెళ్ళు వేసి మట్టితో కప్పితే చాలును. కుండ వేడెక్కదు గనుక టమాటా, గుమ్మడి, బొప్పాయి గింజలు చావకుండా మిగిలి, ఎరువు వేసిన చోటల్లా మొలుస్తాయి. అక్కరలేనివి పీకి మళ్ళీ కుండలోనే వేయవచ్చును.